ఎక్స్‌రే కిరణాలు – చిట్టెలుకలు – మన ఆడపిల్లలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ సాహెబ్ నన్ను "విద్య – మన కర్తవ్యం" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ప్రతి ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు, మనం చప్పట్లు కొట్టి బిర్యానీ తిని ఇళ్లకు పోతూనే ఉన్నాము. అందుకని ఈసారి ఎలుకల గురించి మాట్లాడతానండీ అన్నాను. ఆయన నవ్వారు. మీరూ నవ్వుతున్నారు. పరవాలేదు. నేను ఉర్దూ మీడియం స్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి, తెలుగు నాకు బజారులోను, పక్కింటి వాళ్ల దగ్గర వచ్చిన భాష. తప్పులు దొర్లితే మన్నించాలి. సంగతి మాత్రం మన ఇళ్లల్లోదే.

పదహారేళ్ల క్రితం మా చిన్న చెల్లెలికి నడుము నొప్పి వచ్చింది. అత్తగారు వెంటబెట్టుకొని పట్నంలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు గారు నడుముకు ఎక్స్‌రే తీయించమన్నారు. ఎక్స్‌రే గది తలుపు మీద ఒక బోర్డు ఉందట, ఇంగ్లీషులో. మా చెల్లెలు ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివిన పిల్ల. లోపల ఫిల్ము తీసే అబ్బాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు, వాడు తల వంచుకొని "నెల తప్పలేదు కదమ్మా?" అని అడిగాడట. పరాయి మగవాడు, పక్కన అత్తగారు, ఇది నోరు తెరవలేదు. తల అడ్డంగా ఊపిందో నిలువుగా ఊపిందో దానికే గుర్తు లేదు. ఆ అబ్బాయి మూడు ఫిల్ములు తీసి పంపేశాడు. మూడు వారాల తరువాత తెలిసింది, ఆ రోజుకే కడుపులో బిడ్డ ఉంది అని.

ఇక ఇంట్లో జరిగిన గొడవ చెప్పనక్కరలేదు. "ఎక్స్‌రే పడ్డ బిడ్డ అవిటిగా పుడుతుంది" అని ఒకరు, "కళ్లు ఉండవు" అని ఇంకొకరు. తీయించేయమని సలహా ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లు శత్రువులు కారు, దగ్గరి చుట్టాలే. మా మొహల్లా మౌల్వీ సాహెబ్ దగ్గరికి పోయాము. ఆయన తెలివైన మనిషి. "మస్‌అలా నేను చెప్తాను. ముందు దీనివల్ల నష్టం ఉందా, ఉంటే ఎంత అన్నది తెలిసినవాళ్లను అడిగి రండి" అన్నారు. ఆ "ఎంత" అనే మాట నన్ను పట్టుకుంది. నేను సైన్సు మాస్టర్ని, రాంట్‌జెన్ 1895లో ఎక్స్‌రే కనిపెట్టాడని పిల్లల చేత బట్టీ పట్టించేవాణ్ణి. ఎంత అని అడిగితే నాకేమీ తెలియదు. అప్పుడు చదవడం మొదలుపెట్టాను. చదివితే ఎలుకలు వచ్చాయి.

ఎక్స్‌రే కనిపెట్టిన మొదటి ఏళ్లల్లో అది వొట్టి వెలుతురు లాంటిదే అనుకున్నారు. చేతులు కాలిపోయాయి, జుట్టు రాలిపోయింది, అయినా సరదాగా చూసుకునేవాళ్లు. అమెరికాలో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ఈ కిరణాలతో పనిచేసి చేసి చేతులు పోగొట్టుకొని 1904లో చనిపోయాడు. ఆ రోజుల్లోనే జర్మనీలో హైనెకె అనే సర్జను చిట్టెలుకల మీద, గినీపందుల మీద ఎక్స్‌రే పడనిచ్చి చూశాడు. ఎలుక చర్మం బాగానే ఉంది, కాని అది చచ్చిపోయింది. కోసి చూస్తే లోపల ప్లీహం కుంచించుకుపోయింది, ఎముక మూలుగ పాడైంది. అనగా కిరణం చర్మం మీద ఆగదు, రక్తం పుట్టే చోటికి పోతుంది. ఎక్కడెక్కడ కణాలు గబగబా రెండుగా, నాలుగుగా పెరుగుతూ ఉంటాయో అక్కడ దెబ్బ ఎక్కువ. మూలుగ అట్లాంటి చోటు. కడుపులోని బిడ్డ అయితే తల నుంచి కాలిదాకా అట్లాంటి చోటే.

ఈ బిడ్డ సంగతి తేల్చినది ఒక స్త్రీ. ఆమె పేరు లియాన్ రస్సెల్. 1923లో ఆస్ట్రియాలోని వియన్నా నగరంలో యూదుల ఇంట్లో పుట్టింది. 1938లో హిట్లరు ఆ దేశాన్ని మింగినప్పుడు ఆ కుటుంబం ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయింది. అమెరికా చేరి, చదువుకొని, 1947లో భర్త విలియం రస్సెల్‌తో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌కు వచ్చింది. ఆ ఊరు ఏమిటో తెలుసా? హిరోషిమా మీద వేసిన బాంబుకు యురేనియం తయారైన ఊరు. యుద్ధం అయిపోయాక అక్కడి ప్రయోగశాలలో, ఈ కిరణాల వల్ల ప్రాణికి ఏమవుతుందో తేల్చడానికి ఎలుకల ఇల్లు ఒకటి కట్టారు. లక్షల ఎలుకలు. "మౌస్ హౌస్" అనే పేరే దానికి స్థిరపడింది. మనుషుల మీద బాంబు వేసిన తరువాత ఎలుకల మీద పరీక్ష. ఈ వరస చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, కాని అసలు పరీక్షే చేయకపోతే మా చెల్లెలికి ఆ రోజు జవాబు దొరికేది కాదు, ఈ మాట కూడా ఒప్పుకోవాలి.

ఇక్కడ ఒక మాట. మా క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు, "సార్, ఎలుకను అట్లా హింసించవచ్చా?" అని. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ గురించిన హదీసు వాడికి తెలుసు, మీకూ తెలుసు. నేను తేలికగా "అవును" అనలేకపోయాను. అవసరానికి మించి ఒక్క ప్రాణిని బాధపెట్టినా లెక్క చెప్పుకోవాలి అని మాత్రం అన్నాను. ఇప్పుడు ఇట్లాంటి ప్రయోగాలకు చాలా దేశాల్లో, మన దేశంలో కూడా కమిటీల అనుమతి కావాలి. వాడికి తృప్తి కలిగిందో లేదో!

సరే, ఆమె ఏం చేసిందో వినండి. చిట్టెలుక కడుపు మోసేది సుమారు ఇరవై రోజులు. రాత్రి జతకట్టిన ఆడ ఎలుకను ఉదయం చూస్తే ఒక గుర్తు కనబడుతుంది. ఆ రోజు తేదీ వేసి బోనుకు చీటీ కడతారు. కనుక ఏ ఎలుక కడుపులో బిడ్డలకు ఎన్ని రోజుల వయస్సో చీటీ చూస్తే తెలిసిపోతుంది. ఆమె కొన్ని ఎలుకలకు మొదటి రోజున, కొన్నింటికి రెండో రోజున, ఇట్లా రోజు మార్చి రోజు మార్చి ఎక్స్‌రే ఇచ్చింది. తరువాత బిడ్డల ఎముకలు, తోకలు, వేళ్లు, కళ్లు ఒక్కొక్కటీ పరీక్షించి రాసుకుంది. ఓపిక అంటే అదీ.

తేలినది మూడు రకాలు. మొదటి నాలుగైదు రోజులు, అంటే పిండం ఇంకా గర్భసంచికి అతుక్కోక ముందు, దెబ్బ తగిలితే ఆ పిండం పోతుంది. పోకుండా నిలిచింది అంటే దాదాపు మామూలుగానే పుడుతుంది. ఆరో రోజు మొదలుకొని పన్నెండు, పదమూడు రోజుల దాకా అవయవాలు ఏర్పడే సమయం. వంకరలు, లోపాలు వచ్చేదంతా ఇక్కడే. అందులోనూ ఏ రోజు దెబ్బ తగిలితే ఏ అవయవం చెడుతుందో దాదాపు రోజు వారీగా చెప్పవచ్చు. ఒక రోజు అటూ ఇటూ అయితే చెడేది వేరే అవయవం. ఆ తరువాతి రోజుల్లో తగిలితే ఆకారం బాగానే ఉంటుంది, ఎదుగుదల తగ్గుతుంది. మా మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, ఆయనకు ఈ సంగతి చెప్తే, "పునాది రోజున వాన పడటం వేరు, సున్నం వేసే రోజున పడటం వేరు కదా సార్" అన్నాడు. నా క్లాసులో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

దీనిని మనిషి లెక్కలోకి మార్చి చూస్తే ఏమవుతుంది? స్త్రీకి అవయవాలు ఏర్పడే సమయం సుమారు మూడో వారం నుంచి ఎనిమిదో వారం వరకు. మూడో వారానికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియదు! ఎలుక బోనుకు చీటీ ఉంది. ఆడమనిషికి చీటీ లేదు. అందుకని 1952లో ఆ భార్యాభర్తలిద్దరూ డాక్టర్ల పత్రికలో ఒక సలహా రాశారు. బిడ్డలు కనే వయసు స్త్రీకి పొత్తికడుపు మీద, నడుము మీద ఎక్స్‌రే తీయాలంటే, అది తొందర లేనిదైతే, బహిష్టు మొదలైన రోజు నుంచి రెండు వారాల లోపల తీయండి, అప్పుడు కడుపులో బిడ్డ ఉండే అవకాశం లేదు అని. ఎలుకలను చూసి మాకు పాఠాలు చెప్తారా అని కొందరు డాక్టర్లు కోప్పడ్డారు. పోను పోను ఆ సలహాయే "పది రోజుల నియమం" అనే పేరుతో కొన్ని దేశాల్లో అమలయింది. ఈనాడు చాలా చోట్ల "నెల ఆలస్యమైందా?" అని అడిగి తీస్తున్నారు. లియాన్ రస్సెల్ 2019లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

ఎలుక చెప్పింది మనిషికి అట్లాగే వర్తిస్తుందా అంటే, అంతా వర్తించదు. హిరోషిమా, నాగసాకిలో బాంబు పడ్డనాడు తల్లుల కడుపుల్లో ఉన్న పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. 1984లో ప్రకటించిన లెక్కల్లో, ఎనిమిది నుంచి పదిహేను వారాల మధ్య కిరణాలు తగిలిన పిల్లల్లో బుద్ధిమాంద్యం ఎక్కువగా కనబడింది. మెదడు కణాలు గబగబా పెరిగే సమయం అది. ఇది ఎలుకల తోకలను లెక్కపెడితే తెలిసే సంగతి కాదు. ఇంగ్లండులో ఆలిస్ స్టూవర్ట్ అనే లేడీ డాక్టరు 1956లో ఇంకొక సంగతి బయటపెట్టింది. కాన్సరుతో చనిపోయిన పసిపిల్లల తల్లులను అడిగితే, గర్భంతో ఉండగా ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు వాళ్లల్లో ఎక్కువగా తేలారు. ఆ ముప్పు ఒక్కొక్క బిడ్డకు చూస్తే చాలా కొద్ది, కాని సున్నా అని ఎవరూ అనరు. ఆ రోజుల్లో గర్భిణులకు బిడ్డ ఎట్లా తిరిగి ఉందో చూడటానికి ఎక్స్‌రే తీసేవాళ్లు. ఇప్పుడు దానికి అల్ట్రాసౌండ్ ఉంది. అది ధ్వని తరంగం, అందులో ఎక్స్‌రే లేదు. ఈ ముక్క పరదా అవతల గట్టిగా వినబడాలి, ఎందుకంటే "స్కానింగ్ తీసినా బిడ్డకు ఎక్స్‌రే పడుతుంది" అని భయపడి మానేసినవాళ్లు మన మొహల్లాలోనే ఉన్నారు.

తండ్రుల సంగతి కూడా విలియం రస్సెల్ ఎలుకల మీదే చూశాడు. మగ ఎలుకకు ఎక్స్‌రే ఇచ్చి, దాని సంతానంలో వెంట్రుకల రంగు, చెవి ఆకారం ఇట్లాంటి ఏడు లక్షణాల్లో మార్పు వస్తుందా అని లెక్కపెట్టాడు. అంతకుముందు 1927లో ముల్లర్ పండ్ల మీద వాలే ఈగల్లో ఎక్స్‌రే వల్ల వంశలక్షణాలు మారతాయని చూపించి ఉన్నాడు, దానికి 1946లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎలుకలో ఆ మార్పులు ఈగలో కన్నా పది రెట్లకు పైగా తేలాయి. అందరూ హడలిపోయారు. కాని 1958లో అతనే ఇంకొకటి చూపించాడు. అదే మోతాదును ఒక్కసారిగా కాక మెల్లమెల్లగా, రోజుల తరబడి ఇస్తే మార్పులు సుమారు మూడో వంతుకు తగ్గాయి. అంటే కణం తనకు తగిలిన గాయాన్ని తాను కొంత కుట్టుకుంటుంది, కుట్టుకునే వ్యవధి ఇవ్వాలి. సృష్టికర్త ఏర్పాటు చూడండి.

ఇంకొకటి చెప్పి మా ఇంటి కథకు వస్తాను. 1949లో చికాగోలో జేకబ్‌సన్ అనే డాక్టరు, చచ్చిపోయేంత ఎక్స్‌రే ఇచ్చే ముందు ఎలుక ప్లీహానికి మాత్రం సీసపు కవచం కప్పాడు. ఎలుకలు చాలా మటుకు బతికాయి! రెండేళ్లకు, మంచి ఎలుక మూలుగను ఎక్కించినా బతుకుతాయని తేలింది. 1961లో కెనడాలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు, మూలుగలో రక్తానికి విత్తనం లాంటి కణాలున్నాయని ఎలుకల్లోనే చూపించారు. ఇవాళ తలసేమియా పిల్లలకు చేసే మూలుగ మార్పిడి ఆ దారిలో వచ్చిందే. మన సొసైటీ రక్తదాన శిబిరానికి వచ్చే రక్తం ఎక్కువగా ఏ పిల్లలకు పోతుందో మీకు తెలుసు కనుక ఈ మాట చెప్పాను.

ఇప్పుడు మౌల్వీ సాహెబ్ అడిగిన "ఎంత". లియాన్ రస్సెల్ ఎక్కువగా వాడిన మోతాదు 200 రాంట్‌జెన్లు. తరువాత తగ్గించి తగ్గించి 25 దాకా వచ్చింది, అక్కడ కూడా ఎముకల్లో చిన్న మార్పులు కనబడ్డాయి. ఈనాటి కొలతలో 25 రాంట్‌జెన్లు అంటే సుమారు 250 మిల్లీగ్రేలు. నడుము ఎక్స్‌రే వల్ల కడుపులో బిడ్డకు చేరేది సగటున 2 మిల్లీగ్రేల లోపు, ఎక్కువలో ఎక్కువ 10. ఏ ఎక్స్‌రే లేకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి తొమ్మిది నెలల్లో బిడ్డకు 1 మిల్లీగ్రే దాకా చేరుతూనే ఉంటుంది. 100 మిల్లీగ్రేల లోపు అయితే గర్భం తీసేయడానికి అది కారణం కాదు అని ఈ కిరణాల విషయం చూసే అంతర్జాతీయ సంఘం 2000 సంవత్సరంలో స్పష్టంగా రాసింది. మెడికల్ కాలేజీలో చదివిన నా పాత శిష్యుడు ఒకడు ఆ కాగితం తెచ్చి నాకు చూపించాడు, ఒక పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఫిల్ములు ఎన్ని, ఏ వైపు నుంచి తీశారు అని అడిగి లెక్క వేసి, "ఏ ఎక్స్‌రే లేకపోయినా నూటికి ముగ్గురు బిడ్డలు ఏదో ఒక లోపంతో పుడతారు. నీ బిడ్డ లెక్క కూడా అంతే, ఈ ఫిల్ముల వల్ల మారలేదు. ఇంటికి పోయి అన్నం తిను" అన్నది. మా చెల్లెలు అక్కడే కూర్చొని ఏడ్చింది. మూడు వారాలుగా సరిగ్గా తినలేదు అది.

ఆ పిల్లవాడు ఈ సంవత్సరం టెన్త్ పరీక్ష రాస్తాడు. లెక్కల్లో కాస్త వెనక. దానికి ఎక్స్‌రే కారణం కాదు, క్రికెట్ కారణం.

కాని నేను మర్చిపోలేనిది ఒకటుంది. తీయించేయమన్న సలహా దాదాపు అమలయ్యేదే. తేదీ కూడా అనుకున్నారు. మౌల్వీ సాహెబ్ ఆ ఒక్క ప్రశ్న వేయకపోతే? మా చెల్లెలు ఆ గదిలో ఒక్క మాట చెప్పి ఉంటే? ఆ అబ్బాయి తలెత్తి మళ్లీ అడిగి ఉంటే? బోర్డు ఉర్దూలోనో తెలుగులోనో ఉంటే? ఎవరినీ నిందించడం లేదు. అబ్బాయికీ సిగ్గే, దీనికీ సిగ్గే. హయా మన దీన్‌లో భాగం, నేను కాదనను. కాని దీన్ సంగతులు నేర్చుకోవడానికి మదీనాలో అన్సార్ స్త్రీలకు సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా వారిని మెచ్చుకున్న రివాయతు మీరు జుమా ఖుత్బాల్లో వినే ఉంటారు. ఆరోగ్యం గురించి, లేడీ నర్సుతో, ఒక్క ముక్క చెప్పడానికి అడ్డేమిటి?

అవతలి తప్పు కూడా ఉంది. మొన్న మా వీధిలో ఒక కోడలికి దగ్గు నెల రోజులుగా తగ్గలేదు. ఆరో నెల. డాక్టరు ఛాతీ ఎక్స్‌రే రాస్తే అత్తగారు వద్దని వెనక్కి తీసుకొచ్చేసింది. ఛాతీ ఎక్స్‌రే వల్ల కడుపులోకి చేరేది మిల్లీగ్రేలో నూరో వంతు కూడా కాదు! అదే క్షయ ఉండి, మందు పడకపోతే, తల్లికీ బిడ్డకూ నిజమైన ప్రమాదం. ఇద్దరం ముగ్గురం పోయి నచ్చజెప్పి మళ్లీ పంపించాము. పొత్తికడుపు సి.టి. స్కాను వేరు సంగతి, దాని వల్ల బిడ్డకు సగటున 25 మిల్లీగ్రేల దాకా పోతుంది, ఒక్కోసారి అంతకు ఎక్కువ కూడా. అది ప్రాణం మీదికి వస్తే తప్ప వద్దని డాక్టర్లే అంటారు. అన్నీ ఒక్కటి కాదు, ఇదే నేను చెప్పేది. అడగాలి, చెప్పాలి.

మన పిల్లల్లో కొందరు ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు చేసి ఉద్యోగాల్లో ఉన్నారు, సంతోషం. బాబూ, సీసపు ఆప్రాన్ బరువని గోడకు తగిలించకండి, మీ ఛాతీకి పెట్టుకునే బ్యాడ్జీ డ్రాయర్లో పడేయకండి. ఆ బ్యాడ్జీ మీకు ఎంత పడిందో లెక్క చెప్తుంది, డ్రాయర్‌కు ఎంత పడిందో మనకెందుకు?

సొసైటీ వారిని నేను డబ్బు అడగడం లేదు, భయపడకండి. ఒక చీటీ అచ్చు వేయమని అడిగాను, ఖజాంచీ సాహెబ్ ఒప్పుకున్నారు. పోస్టుకార్డు అంత కాగితం. ఒక వైపు ఉర్దూ, ఒక వైపు తెలుగు. పోయిన నెల బహిష్టు తేదీ రాసుకోవడానికి ఒక గీత. దాని కింద "నాకు గర్భం ఉండవచ్చు, ఎక్స్‌రే తీసే ముందు డాక్టరు గారికి చెప్పండి" అని ఒక వాక్యం. నోటితో చెప్పలేని పిల్ల దాన్ని చేతికి ఇస్తే చాలు. వెయ్యి కాపీలు వచ్చాయి, తలుపు పక్కన బల్ల మీద పెట్టారు. ఆడవాళ్ల వైపు మా చిన్న చెల్లెలు పంచుతుంది. ఎట్లా నింపాలో, ఎప్పుడు ఇవ్వాలో ఆమెనే అడగండి, నన్ను కాదు.

ఖుదా హాఫిజ్.